చౌడు ఎక్కడుందో అబ్బనడుగు

మా ఊర్లో పెద్దవాళ్లకు మర్యాదకేం కొదవ లేదు. బస్సెక్కితే సీటిస్తారు. పెండ్లిలో మొదటి అక్షింతలు వాళ్ల చేతే వేయిస్తారు. పండగనాడు కాళ్లకు మొక్కుతారు. అక్టోబరు 1 వృద్ధుల దినమని బడికి ఒక ముసలాయనను పిలిపించి, శాలువా కప్పి, చేతికి మైకిచ్చి, "పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పు తాతా" అంటారు. ఆయన మాత్రం ఏం చెబుతాడు పాపం? బాగా చదువుకోండి, అమ్మానాయన మాట వినండి అంటాడు. అందరూ చప్పట్లు కొడతారు. ఆ రెండు ముక్కలు చెప్పడానికి డెబ్బై ఐదేండ్లు బతకాల్సిన పని లేదు, పదో తరగతి పిల్లోడు కూడా చెబుతాడు.

అదే ముసలాయనను బాయి గట్టు మీదికి తీసుకుపోయి, "ఈ పక్క రాయి ఎందుకు జారింది?" అని అడగండి. అప్పుడు చూడాలి ఆయన నోరు. మనకు తీరిక ఉండదు గానీ, ఆయన సాయంత్రం దాకా చెబుతాడు.

నా గొడవంతా ఇదే. పెద్దవాళ్లకు తెలిసింది పని మీద అడిగితేనే బయటికొస్తుంది. అడిగి చెప్పించుకున్నాక దానికి కూలి కూడా ఇవ్వాలి. ఈ రెండోది చెప్తే మా వాళ్లే నన్ను వింతగా చూస్తున్నారు, అందుకే రాస్తున్నా.

మాది కడప జిల్లాలో జమ్మలమడుగు పక్క ఊరు. నేను వ్యవసాయ సహాయకురాలిని. పంట నమోదులు, విత్తనాల ఇండెంట్లు, మట్టి నమూనాలు, రోజంతా ఇదే తిరుగుడు. మా ఇల్లు మట్టి మిద్దె, మా జేజినాయన, అంటే మా తాత, కట్టించింది. మట్టి పెట్టి కట్టిన రాతి గోడలు. పైన వేప దూలాలు, దూలాల మీద దంతెలనే సన్న కొయ్యలు, వాటి మీద నాపబండలు, ఆ పైన కానుగాకు పరిచి తొక్కించిన తడిమట్టి, అన్నిటికీ పైన నీళ్లు దిగకుండా చౌడు మట్టి. బండలకు మా వైపు కరువే లేదు. ఎర్రగుంట్ల, ముద్దనూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల తవ్వే నాపరాయే యాడాడికో పోయి కడప బండ అనిపించుకుంటోంది. మే నెలలో బయట 43, 44 డిగ్రీలు కాస్తున్నా మా నడవలో చాప వేసుకుని పడుకుంటే నిద్ర పడుతుంది. ఊర్లో స్లాబు ఇండ్ల వాళ్లు కూడా మధ్యాహ్నం మా ఇంటికే వచ్చి కూచుంటారు. కూచుని, "ఇంకెన్నాళ్లు ఈ పాత మిద్దె, పడగొట్టి స్లాబు వేసుకోరాదూ" అంటారు. మా చల్లదనంలో కూచుని మాకే చెప్తారు.

ఆ మిద్దె ఉరవడం, అంటే వానకు కారడం, మొదలైంది. వంటింటి మూల మొదట, తర్వాత నడవలో గవాచి, అంటే వెలుతురుకు మిద్దెలో వదిలిన కంత, పక్కన. మా నాయన టౌను నుంచి ఒక మేస్త్రీని పిలిపించినాడు. ఆయన పైకెక్కి కాలితో రెండుసార్లు తట్టి, "ఏముంది అన్నా, పైన ఒక పూత సిమెంటు పోసేస్తే ఇరవై ఏండ్లు చూసుకోపని లేదు" అన్నాడు. పోసినాడు. డబ్బు తీసుకున్నాడు. ఆ సంవత్సరం చిత్త కార్తె వానకు ముందు ఉరిసిన రెండు చోట్లతో పాటు దేవుని గూటి మీద కూడా ఉరిసింది. ఫోను చేస్తే, "వాన ఎక్కువైంది గదా అన్నా" అన్నాడు.

మా జేజి, అంటే నాయనమ్మ, మంచంలో నుంచే మూడు రోజులు గొణిగింది. "వాళ్లనీ వీళ్లనీ పిలుస్తాండారు. చౌడు యాడుండాదో ఆ అబ్బనడుగు." అబ్బ అంటే మా తాత కాదు. మా ఊర్లో ఆ వయసు మగవాళ్లందరినీ పిల్లలం అట్లనే పిలుస్తాం. ఈ అబ్బ వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల నాలుగూర్ల మిద్దెలకు చౌడు వేసేది. ఇప్పుడు కొడుకు సిమెంటు ఫ్యాక్టరీ లారీ తోలుతాడు. అబ్బ ఇంటి ముందర అరుగు మీద ఉంటాడు. ఒకటో తారీఖు పింఛను నాలుగు వేలు వస్తుంది, ఆ రోజు తప్ప ఆయనను పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు.

నేను పోయి అడిగితే మొదట ఆయన లేవలేదు. "సిమెంటు పోసినాకనా నన్ను పిల్చేది" అన్నాడు. అన్నాక ఐదు నిమిషాలకే తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "నిచ్చెన ఎవురు పట్టుకుంటారు?" అని అడిగినాడు.

మిద్దె ఎక్కి ఆయన ముందు చేసిన పని, గడపార మొనతో సిమెంటు పూతను ఒక మూల లేపి కింద మట్టి పిడికెడు తీసి చేతిలో నలపడం. తడిగా ఉంది. వాన పడి పదిహేను రోజులైనా తడిగానే ఉంది. "సూడు పాపా. మట్టి నీళ్లు తాగితే ఉబ్బుతాది, ఎండితే ముడుచుకుంటాది. సిమెంటు ఉబ్బదు, ముడవదు. అందుకే పగిలె. పగిలిన సందులో నీళ్లు దిగినాయి. దిగినవి మళ్లా యెట్ల ఆరాల? పైన మూత పెడితిరి గదా. కింద దంతెకు చెద పట్టుంటాది, గుచ్చి సూడు." గుచ్చి చూస్తే గవాచి పక్క దంతె గడపార మొనకు పిండిలా రాలింది. ఆ దంతె మార్చడానికి మాకు ఇంకో వారం పట్టింది, అది వేరే కథ.

చౌడు గురించి నాకు తెలియదని కాదు. నా ఉద్యోగమే మట్టి. చౌడు భూముల గురించి నాలుగేండ్లు చదివి పరీక్షలు రాసినా. చౌడు అంటే మాకు సమస్యాత్మక నేల. రెండు రకాలు: పాల చౌడు, కారు చౌడు. పాల చౌడులో కరిగే లవణాలు ఎక్కువ, పైన తెల్లగా పొక్కులా తేలుతుంది. మంచినీళ్లు బాగా పెట్టి కడిగేస్తే దారికొస్తుంది. కారు చౌడులో సోడియం ఎక్కువ, ఉదజని సూచిక (pH) 8.5 దాటుతుంది, నీళ్లు పెడితే ఇంకవు, పైనే నిలబడతాయి. దానికి జిప్సం వేయాలి. జిప్సంలోని కాల్షియం మట్టి రేణువులను పట్టుకున్న సోడియాన్ని తోసేసి దాని చోట్లో కూచుంటుంది, తర్వాత నీళ్లు పెట్టి ఆ సోడియాన్ని కిందికి పంపేయాలి. ఈ పాఠం రైతులకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. అయితే ఆ మట్టి ఎవరికైనా పనికొస్తుందన్న ఆలోచన మా పుస్తకాల్లో ఎక్కడా లేదు. నీళ్లు ఇంకని నేల రైతుకు శాపమే, మిద్దె మీద కావలసింది మాత్రం సరిగ్గా అదే.

ఊరి పడమర వంక పక్కన బీడుంది. రోహిణి కార్తెలో, పొద్దున్నే ఎండ ముదరకముందే అబ్బను స్కూటీ మీద తీసుకుపోయినా. నేను దిగీ దిగంగానే తెల్లగా పొక్కిన చోటికి పోయి, "ఇదేనా అబ్బా?" అన్నా. ఆయన నవ్వినాడు. "అది కాదు పాపా. మిద్దెకేస్తే నీళ్లు దారి సూసుకుంటాయి." ఇంకొంచెం ముందుకు, తుమ్మచెట్లు దాటి, బూడిదరంగులో గట్టిగా అట్టకట్టిన చోట ఆగినాడు. ఒక చిన్న పెళ్ల తీసి, నా వాటర్ బాటిల్ మూత అడిగి తీసుకుని, దాన్నిండా నీళ్లు పోసి, పెళ్లను మెల్లగా అందులో వదిలినాడు. కదిలించలేదు. కాసేపటికి పెళ్ల చుట్టూ పాలు కలిపినట్టు మబ్బు లేచింది. మూతంతా కలక అయిపోయింది. తెల్ల పొక్కు దగ్గరి మట్టితో కూడా చేసి చూపించినాడు. ఆ పెళ్ల విరిగి కింద పడింది, నీళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి.

నాకు ఒళ్లు జలదరించింది. ఇది మేము ల్యాబులో చేసిన పరీక్షే. మట్టి పెళ్లను కదలని నీళ్లలో వేసి, బంకమట్టి రేణువులు విడిపోయి నీళ్లలో తేలుతున్నాయా లేదా చూడటం. సోడియం ఎక్కువున్న మట్టిలో రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుని విడిపోతాయి. ఆ విడిపోయినవే పోయి మట్టిలోని సన్నసన్న సందులను మూసేస్తాయి, దాంతో నీళ్లు దిగవు. పాల చౌడులో లవణాలు ఎక్కువ కాబట్టి రేణువులు విడిపోకుండా గుంపుగా ఉంటాయి, నీళ్లు తేటగా ఉంటాయి, సందులు తెరుచుకునే ఉంటాయి. మేము గాజు గిన్నెలతో చేసినాం, అబ్బ బాటిల్ మూతలో చేసినాడు. ఎవరు నేర్పినారని అడిగితే, "మా నాయన దోసిట్లో సూసేవాడు, నాకు చేతులు వణుకుతాండాయని మూత అడిగితి" అన్నాడు.

ఇక మిద్దె మీద పని. అక్కడ నాకు తెలిసింది ఏమీ లేదు. సిమెంటంతా ఎత్తి పడేయించినాడు. దాని కింద పాత చౌడు కూడా జానెడు దాకా తవ్వించినాడు. మా నాయన అడ్డుపడినాడు: "ఉన్నది ఉండనీ, పైన కొత్తది వేస్తే ఇంకా గట్టిగుంటాది గదా." అబ్బకు కోపమొచ్చింది. "ఏటా వేసుకుంటా పోతే దూలం మోయద్దా? తీసేది లేకుండా వేసేటోల్లవే గదా మిద్దెలు కూలేది." ఇది నిజం. మా సీమలో ముసురు పట్టిన ప్రతిసారీ ఏదో ఒక ఊర్లో మట్టి మిద్దె కూలి మనుషులు పోయినట్టు పేపర్లో వస్తుంది. ఏండ్ల తరబడి పేరుకుపోయిన మట్టి, అది నీళ్లు తాగితే వచ్చే బరువు, కింద పుచ్చిన దంతెలు, అన్నీ కలిసి ఒక రాత్రి పడుతుంది. వానకు కూలిందని రాస్తారు గానీ, ఆ వాన కంటే ముందు పైన ఎంత బరువు పెట్టినారన్నది ఎవరూ రాయరు.

గడ్డి వేర్లతో సహా పీకించినాడు, వేరు కుళ్లిన బొక్కలో నుంచే నీళ్లు దిగుతాయని. నీళ్లు బయటికి పోయే దోనె వైపుకు వాలు ఉందో లేదో చూడటానికి చెంబుతో నీళ్లు పోసి, అవి పోయే దారి వెంబడే నడిచినాడు. చౌడును పొడిగానే, రెండు వేళ్ల మందం పరిపించినాడు. తడిపి కొట్టమంటారా అని అడిగితే, "తొలకరి తడుపుతాది, నీకేంటికి తొందర" అన్నాడు. మృగశిరలో మొదటి వాన మెత్తగా పడింది. పైన సన్నపొర కట్టింది. తర్వాత ఆశ్లేషలో దంచి కొట్టినప్పుడు మా జేజి మంచాన్ని గవాచి పక్కకే జరిపించుకుని పడుకుంది, పంతానికి. చుక్క కారలేదు.

పని అయిపోయినాక డబ్బు సంగతి వచ్చింది. మా నాయన ఒక పంచె, ఒక తువ్వాల, పైన ఐదొందల నోటు పళ్లెంలో పెట్టినాడు. పెద్దాయన, మర్యాదగా ఉంటుందని. అబ్బ పంచె తీసుకుని పక్కన పెట్టుకుని, "పోయినేడు మేస్త్రికి రోజుకెంత ఇచ్చినారు?" అని అడిగినాడు. మా నాయన చెప్పినాడు. "దానికి నూరు ఎక్కువియ్యి. ఆయన పనికి ఉరిసె, నా పనికి ఉరవలేదు." లోపల నుంచి మా జేజి, "ముసలోనికి ఆశ తగ్గలేదే" అని అరిచింది. నేను మాత్రం లెక్కగట్టి, ఆయన మా ఇంట్లో కాలుపెట్టిన ప్రతి రోజుకూ, వంకకు వచ్చిన పొద్దుకు కూడా కలిపి ఇచ్చినా. ఆయన కూచుని నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో దీని మీద వాదన నడుస్తూనే ఉంది. పెద్దవాళ్ల సలహాకు డబ్బేంది, అది ఆశీర్వాదం లాంటిది, వెల కడితే అగౌరవం అంటాడు మా నాయన. నాకు అది ఒప్పదు. టౌనులో డాక్టరు దగ్గర మూడు నిమిషాలు కూచుంటే ఫీజు కడతాం. ఇంజినీరు గీత గీస్తే కడతాం. వకీలు వాయిదా అడిగినందుకు కూడా కడతాం. అరుగు మీది అబ్బను మాత్రం "ఒకపారి వచ్చి చూసి చెప్పిపో" అంటాం. ఆయన చూసి చెప్పిన దాన్ని చేసే కూలోళ్లకు డబ్బిచ్చి, చెప్పినాయనకు కాఫీ ఇస్తాం. తెలివికి కూలి లేకపోతే దాన్ని నేర్చుకోవడానికి ఎవరు వస్తారు? ఆయన కొడుకు లారీ ఎందుకు తోలుతున్నాడు?

తెలివికి కూలి ఇచ్చే ఈ పని మా కడపలోనే రెండొందల ఏండ్ల కిందట ఒక ఇంగ్లీషు దొర చేసినాడు. 1820లో కడప కలెక్టరు కింద ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడే బంగళా కొనుక్కుని, తెలుగు పండితులను పెట్టుకుని, సొంత డబ్బుతో వాళ్లకు జీతాలిచ్చి పాత పుస్తకాలు సరి చూపించినాడు. ఇప్పుడు బ్రౌన్ పేరుతో భాషా పరిశోధన కేంద్రం ఉన్నది ఆ చోటే. ఆయన నిఘంటువు మనం ఇప్పటికీ తిరగేస్తున్నాం. పండితులకు దండం పెట్టి వదిలేసి ఉంటే ఆ పుస్తకాలు వచ్చేవి కావు. పండితులకు దొరికిన ఆ మర్యాద చౌడు మోసేవాళ్లకు ఎప్పుడూ దొరకలేదు, అది ఇంకో సంగతి.

ఆ ఇంకో సంగతే ఇప్పుడు చెప్పాలి. "మా కాలంలో పెద్దలకు విలువుండేది, ఇప్పుడు పోయింది" అని అందరూ అంటుంటారు కదా. నేను అదే మాట అబ్బ దగ్గర అన్నా, ఆయన సంతోషపడతాడని. ఆయన బీడీ ఆర్పి, చౌడు వేయడానికి మిద్దెలెక్కిన ఇండ్ల పేర్లు వరసగా చెప్పినాడు. ఏ ఇంట్లో ఆయనకు నీళ్లు దోసిట్లో పైనుంచి పోసేవాళ్లో, ఏ ఇంట్లో వాకిట్లో నుంచి కాకుండా దొడ్డి పక్క నుంచి నిచ్చెన వేసుకోమనేవాళ్లో చెప్పినాడు. మిద్దె మీద నిలబడితే ఇంటికి నెత్తిన నిలబడినట్టే, లోపలికి మాత్రం రాకూడదు. ఆ కాలంలో విలువ కొందరు పెద్దలకే ఉండేది. పెద్దవాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందీ ఉంది, వాళ్లతోనే ఆపేయాల్సిందీ ఉంది.

ఆడవాళ్లకు తెలిసిందైతే తెలివి కింద లెక్కకే రాదు. మా జేజి విత్తనం కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టి బానలో పోసేది. మట్టి పొర ఉంటే పుచ్చు పురుగు గింజ మీద గుడ్డు పెట్టడం తగ్గుతుంది. పప్పుధాన్యాల విత్తనంలో తేమ 9 శాతం దాటకూడదని మేము రైతులకు చెబుతాం, ఆమె ఒక గింజ పంటి కింద పెట్టి, టక్కున విరిగితే సరే అంటుంది, నలిగితే మళ్లీ ఎండలో పోయమంటుంది. ఒకసారి ఆమె సరే అన్న గింజలను మా తేమ మీటరులో పెట్టి చూసినా. తొమ్మిదికి లోపే చూపించింది. జొన్నలు దాచే నేలగుంత, పాతర, తెరిచినప్పుడు ఎవరూ వెంటనే దిగకూడదని, ముందు దీపం దించి అది ఆరిపోకుండా ఉంటేనే మనిషి దిగాలని కూడా ఆమే చెప్పింది. ఇప్పుడు పాతరలు లేవు గానీ, వాడకుండా మూసిన బాయి, సెప్టిక్ ట్యాంకు లోపల గాలి కూడా అంతే. దీపం నమ్ముకుని వాటిలో దిగమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. విషపు గాలి ఉన్నా దీపం వెలుగుతూనే ఉండొచ్చు.

అన్నిటికీ తలూపమని కాదు. ఇదే జేజి పాము కరిస్తే పసరు పోస్తే చాలంటుంది. ఆ మాట వింటే మనిషి దక్కడు, ఆసుపత్రికి పోయి విరుగుడు ఇంజెక్షను వేయించుకోవాల్సిందే. ఇదే అబ్బ అరచేతిలో టెంకాయ నిలబెట్టి బోరు పాయింటు చూపిస్తాడు, ఆ పక్క చేనాయన నమ్మి వేయిస్తే దుమ్ము వచ్చింది. చౌడు గురించి చెప్పినాయన బోరు గురించి కూడా చెప్పగలడని మనం అనుకోవడం మన తప్పు. డాక్టరును మోటారు రిపేరు అడుగుతామా? ఎవరు ఏ పనిలో చేయి పెట్టి ముసలివాళ్లయినారో తెలుసుకుని, ఆ పని వరకు వాళ్లను అడగాలి. చెప్పింది నీళ్లలో వేసి చూడాలి కూడా, పెళ్లను చూసినట్టు. అబ్బ ఏం అనుకోడు, ఆయన కూడా చూడందే నమ్మడు కదా.

మా మిద్దె ఉరవలేదని తెలిసి ఊర్లో ఇంకో నాలుగిండ్ల వాళ్లు వచ్చే ఎండాకాలానికి అబ్బను అడిగినారు. కూలి ముందే మాట్లాడుకోమని నేనే చెప్పినా. ఆయన షరతులు ఆయనకున్నాయి: ఫోను చూడకుండా పని చేసే పిల్లోళ్లు ఇద్దరు కావాలి, పదకొండు తర్వాత మిద్దె మీద ఉండడు, నిచ్చెన ఆయన మనవడే పట్టుకోవాలి. అసలు చిక్కు వేరే ఉంది. మంచి చౌడు దొరికే ఆ బీడు వెనక అర ఎకరా పట్టా భూమి ఉంది. దాని రైతు ఈసారి సజ్జ వేస్తానని మట్టి పరీక్షకు ఇచ్చినాడు. రిపోర్టు వచ్చింది, కారు చౌడే. జిప్సం ఎంత వేయాలో కాగితం రాసిచ్చింది నేనే. ఆ సంగతి అబ్బకు చెప్తే కాసేపు నా మొహం చూసి, "నువ్వు దాన్ని బాగు చేస్తే నా పని చెడతాది గదే. ఆ జిప్సం వేయకముందే ఇరవై బండ్లు ఎత్తి యాడన్నా పక్కన పోయించు" అన్నాడు. ట్రాక్టరు బాడుగ ఎవరు పెట్టుకోవాలనే దగ్గర ఆగింది. ఆ నాలుగిండ్ల వాళ్లతో ఆదివారం మాట్లాడాలి.